కొరియర్‌లో వచ్చే గుర్రప్పందాల కిటుకులు: నాలుగింట్లో ఏది కొనాలి?

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా బావమరిది గుంటూరు నుంచి దిగాడు. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమాస్తా. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు రంగురంగుల కాగితాలు. కాఫీ కూడా ముట్టుకోకుండా వాటిని బల్ల మీద పరిచి, "బావా, మీరు ప్రెస్సు వాళ్ళు కదా, కాగితం చూస్తే మనిషిని పట్టేస్తారు. ఈ నాలుగింట్లో ఏది కొనమంటారు?" అన్నాడు.

నాలుగూ గుర్రప్పందాల్లో గెలిపిస్తామనేవే. ఒకటి కొరియర్‌లో వచ్చే పుస్తకం, 1,499 రూపాయలు. రెండోది లామినేషన్ చేసిన చార్టు, 799. మూడోది నెలకి 5,000 కడితే ఫోనుకి టిప్పులు పంపే సర్వీసు. నాలుగోది గుర్రం పేరులో అక్షరాలకి అంకెలు కట్టి గెలిచేదాన్ని చెప్పే సంఖ్యాశాస్త్రం, దక్షిణ 516. ఏదీ కొనకుండా ఊరుకోవడం అనే ఐదో దారి కూడా ఉంది. వాడు దాని గురించి అడగలేదు గానీ, పోలిక అన్నాక దాన్నీ తక్కెట్లో పెట్టాల్సిందే.

బెజవాడలో రేసుకోర్సు లేదు, గుంటూరులోనూ లేదు. మనకి దగ్గరంటే హైదరాబాద్ మలక్‌పేటే, సుమారు 270 కిలోమీటర్లు. అయినా ఈ కాగితాలు మన ఇళ్ళకే వస్తాయి. నా అనుమానం ఏమిటంటే, గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూడని వాడికి వీటిని అమ్మడం తేలిక. మలక్‌పేటలో ముప్పై ఏళ్ళు నిలబడిన వాడికి అమ్మాలంటే చాలా చెప్పాలి.

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ సరుకు తయారీలో నాకూ చెయ్యి ఉంది. పదిహేనేళ్ళ కిందట గవర్నర్‌పేటలో నా ప్రెస్సుకి ఒకాయన వచ్చాడు. రేసుల్లో గెలిచే పద్ధతి మీద 32 పేజీల పుస్తకం, డెమ్మీ సైజు, రెండు ఫారాలు, మల్టీకలర్ టైటిల్, వెయ్యి కాపీలు. నా దగ్గర కాపీకి తొమ్మిది రూపాయలు పడింది. ఆయన 600కి అమ్మాడు. ప్రూఫులు దిద్దుతూ ఉత్త కుతూహలం కొద్దీ అడిగాను, "మీరు దీని ప్రకారం ఎంత సంపాదించారండీ?" అని. "నాకు రేసులకి తీరిక ఎక్కడిదండీ, పార్సిళ్ళు కట్టుకోవడానికే టైము సరిపోవట్లేదు" అన్నాడు. దాచుకోకుండా, నవ్వకుండా, మామూలుగా అన్నాడు.

తర్వాతి ఏడూ వచ్చాడు, ఆ పై ఏడూ వచ్చాడు. ప్రతిసారీ టైటిల్ మీద సంవత్సరం మార్చి "సరికొత్త ముద్రణ" అని వేయించేవాడు. లోపల అక్షరం మారేది కాదు. పదకొండో పేజీలో ఒక అచ్చుతప్పు వల్ల లెక్క తారుమారైందని నేనే చూపించాను. "ఉండనివ్వండి, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్నాడు. నా బిల్లు మాత్రం ఎప్పుడూ రొక్కం, ఒక్క రోజు ఆలస్యం లేదు. నాకు బాకీ పెట్టని కొద్దిమంది పార్టీల్లో ఆయన ఒకడు. వెయ్యి కాపీల మీద ప్రకటనలు, కొరియరు ఖర్చులు పోగా ఆయనకి ఎంత మిగిలేదో మీరే వేసుకోండి. అందులో ఏ గుర్రం గెలిచినా ఓడినా ఆయనకి పట్టింపు లేదు.

మా బావమరిది తెచ్చిన కాగితాల్లోనూ నేను మొదట చూసింది అదే, అమ్మేవాడి రాబడి ఎక్కడి నుంచి వస్తోందని. నాలుగింట్లోనూ కొనేవాడి జేబు నుంచే. "మీరు గెలిస్తేనే నాకివ్వండి" అన్నవాడు ఒక్కడూ లేడు.

ఈ వ్యాపారం మనది కూడా కాదు, ఇంగ్లండు అమెరికాల్లో చాలా పాతది. అక్కడి పత్రికల్లో పోస్టు ద్వారా రేసు పద్ధతులు అమ్మే ప్రకటనలు మన తాతల కాలం నుంచీ ఉన్నాయి. ఇంగ్లండులో ప్రిన్స్ మోనోలులు అనే వేషధారి ఉండేవాడు. తల మీద పక్షి ఈకలు పెట్టుకుని, రేసుకోర్సుల దగ్గర సీలు చేసిన కవర్లలో టిప్పులు అమ్మేవాడు. 1920లో డెర్బీ అనే పెద్ద రేసులో స్పియన్ కాప్ అనే గుర్రం మీద పెద్ద మొత్తం గెలిచానని పేరు తెచ్చుకున్నాడు. ఆ ఒక్క పేరు మీద దశాబ్దాల పాటు కవర్లు అమ్ముకున్నాడు. మనకి అలాంటిది వి.పి.పి. రూపంలో వచ్చింది, అంటే పోస్ట్‌మ్యాన్‌కి డబ్బు కట్టి పార్సిల్ విడిపించుకునే పద్ధతి. నా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వారపత్రికల్లో పజిల్ పూర్తి చేస్తే రేడియో అని ప్రకటన, పూర్తి చేసి పంపితే "మీరు గెలిచారు, వి.పి.పి. విడిపించుకోండి" అని కార్డు. నేను తొమ్మిదో తరగతిలో 35 రూపాయలు పోస్ట్‌మ్యాన్ చేతిలో పెట్టి విప్పితే రేడియో ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. మా నాన్న కొట్టలేదు. దాన్ని రెండేళ్ళు టీవీ పక్కనే ఉంచాడు, వచ్చినవాళ్ళందరికీ చూపించడానికి.

ఏది కొన్నా దాటాల్సిన గుమ్మం

నాలుగు పథకాలకీ ఉమ్మడిగా ఒక గుమ్మం ఉంది. దాని ఎత్తు తెలియకుండా ఏది మంచిదో చెప్పలేం. ఏ కాగితంలోనూ దాని ఊసు లేదు.

గుర్రప్పందెం మీద జీఎస్టీ గెలిచిన డబ్బు మీద కాదు, కాసిన పందెం మొత్తం మీద. మొదట 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. వంద కాయాలంటే నలభై పన్ను. రేసుకోర్సులో పందెం కాసే ఒక దారి టోట్. అంటే, అందరి పందెం డబ్బూ ఒక కుండలో పోసి, క్లబ్బు తన వాటా తీసుకుని, మిగిలింది గెలిచిన గుర్రం మీద కాసినవాళ్ళకి పంచే పద్ధతి. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ మొదలుపెట్టింది. క్లబ్బు వాటా అసలు తీసుకోదనే అనుకుందాం. అప్పుడు కూడా సగటు మనిషి 140 పెట్టి 100 వెనక్కి తెచ్చుకుంటాడు. అంటే నష్టం లేకుండా బయటపడాలన్నా మీ పద్ధతి పక్కవాళ్ళందరి తెలివి కంటే 40 శాతం మెరుగ్గా ఉండాలి. క్లబ్బు వాటా కలిపితే ఇంకా పైకి.

దాని తర్వాత ఆదాయపు పన్ను. ఒక గెలుపు 10,000 దాటితే 30 శాతం కోసుకునే చేతికిస్తారు. ఓడిన డబ్బుని ఇందులోంచి తీసేసుకోవడం కుదరదు. ఒక ఏడాదిలో గెలుపులు 2,10,000, ఓటములు 2,00,000 అనుకోండి. మన లెక్కకి పదివేలు లాభం. ప్రభుత్వం లెక్కకి 2,10,000 ఆదాయం, దాని మీద పన్నే 63,000. లాభం వచ్చిన ఏడాదిలో 53,000 నష్టం, సెస్సు కాక.

ఇది చెప్పగానే మా వాడు కాఫీ తీసుకున్నాడు.

పుస్తకం, 1,499

నాలుగింట్లో ఇదే చూడ్డానికి పద్ధతిగా ఉంది. గుర్రం మోసే బరువు, నిలబడే గేటు నంబరు, జాకీ, గత మూడు పరుగులు చూసి మార్కులు వేయమంటుంది. నిరుడు ఇలా ఆడితే వందకి 61 రేసుల్లో గెలిచారని ఒక పట్టిక. మా వాడికి అదే నచ్చింది.

"నిరుడు మార్చిలో తేజా మిర్చి టిక్కీలు అమ్మకుండా కోల్డు స్టోరేజీలో పెట్టి ఉంటే ఎంత వచ్చేదో ఇప్పుడు చెప్పగలవా?" అన్నాను. "ఎవడైనా చెబుతాడు బావా, రేటు తెలిశాక" అన్నాడు. ఈ పట్టికా అంతే. నిరుటి ఫలితాలు ముందేసుకుని, వాటికి సరిపోయేదాకా నియమాలు కలుపుతూ పోతే 61 ఏంటి, 91 కూడా చూపించొచ్చు. మంగళవారం నల్ల గుర్రం, బుధవారం మూడో గేటు అంటూ ఎన్ని షరతులు పెడితే అంత బాగా అతుకుతుంది. రేపటి రేసుకి అది ఎందుకూ పనికిరాదు. యార్డులో పనిచేసేవాడికి ఇది ఒక్కమాటలో అర్థమైంది. మీరు ఏ పని చేసినా, మీ పనిలో ఇలాంటిదే ఒకటి గుర్తు చేసుకోండి.

బరువు సంగతి ఇంకా తమాషా. హ్యాండికాప్ రేసుల్లో బరువులు ఊరికే పెట్టరు. గుర్రం రేటింగు చూసి, గట్టి గుర్రానికి ఎక్కువ, బలహీనమైన దానికి తక్కువ పెట్టి, అన్నీ ఒకేసారి గీత దాటేలా చేయాలని చూసే ఉద్యోగి ఒకడుంటాడు. పుస్తకం "తక్కువ బరువున్న గుర్రాన్ని చూడండి" అంటోంది. ఆ గుర్రానికి తక్కువ బరువు ఎందుకు పెట్టారో చెప్పట్లేదు.

సరే, కిటుకు నిజంగానే పనిచేసేదే అనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. కుండలో లక్ష రూపాయలుండి, ఐదో నంబరు గుర్రం మీద ఐదువేలే ఉంటే, అది గెలిస్తే రూపాయికి ఇరవై. కోతల సంగతి పక్కన పెట్టి చెబుతున్నాను. ఇప్పుడు ఈ పుస్తకం కొన్న 300 మంది తలా వంద అదే గుర్రం మీద కాశారు. కుండ 1,30,000 అయింది, ఆ గుర్రం మీద 35,000. అది గెలిస్తే రూపాయికి మూడు రూపాయల డెబ్బై పైసలు. ఇరవై ఎక్కడ, మూడు డెబ్బై ఎక్కడ! మంచి కిటుకు ఎంతమందికి అమ్మితే అంత పాడవుతుంది. అది తెలిసినవాడు అమ్మడు.

అలాంటివాళ్ళు నిజంగా ఉన్నారు, లేరనను. బిల్ బెంటర్ అనే అమెరికన్, ముక్కలు లెక్కపెడుతూ క్యాసినోల్లో ఆడినవాడు, 1980లలో హాంకాంగ్ చేరి కంప్యూటర్‌లో రేసుల లెక్కలు కట్టడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఫలితాలు ఎక్కించి, ఒక్కో గుర్రానికి పదుల కొద్దీ అంశాలు చూసి, దానికి తోడు జనం కాసే ధరల్ని, అంటే గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందనే దాన్ని కూడా లెక్కలో కలుపుకున్నాడు. కోట్ల డాలర్లు సంపాదించాడు. తన పద్ధతి ఎలా కట్టాడో 1994లో ఒక పరిశోధన వ్యాసంగా రాశాడు. ఆ వ్యాసం ఎవరైనా చదువుకోవచ్చు. హాంకాంగ్‌లో పందెం కుండలు చాలా పెద్దవి, అందుకే ఆయన వేసే డబ్బుకి ధర అంతగా కదల్లేదు. 1,499 రూపాయల కొరియర్ కోసం ఆయన ఎవరి అడ్రసూ అడగలేదు.

ఈ పుస్తకం అట్ట మీద "సుప్రీంకోర్టు గుర్తించిన నైపుణ్య క్రీడ" అని కూడా వేశారు. అబద్ధం కాదు. మద్రాస్ రేస్ క్లబ్బు వ్యవహారంలో 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేదని చెప్పింది. ఆ నైపుణ్యం ఈ పుస్తకంలో ఉందని మాత్రం ఏ కోర్టూ చెప్పలేదు.

చార్టు, 799

ఓడితే రెట్టింపు కాయి, గెలిచేదాకా. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. లామినేషన్ బాగుంది.

వందతో మొదలుపెట్టి 200, 400, 800 అంటూ వెళ్తే పదో మెట్టులో 51,200 కాయాలి. అప్పటికి మొత్తం 1,02,300. దాని మీద 40 శాతం పన్ను ఇంకో 40,920. ఇంత చేసి గెలిస్తే, ఒకటికి ఒకటి ధర ఉంటే, వచ్చేది మొదటి వంద. పన్ను మాట అడక్కండి.

పది సార్లు వరసగా ఓడతామా అనే ప్రశ్న వస్తుంది. ఫేవరెట్ గుర్రం, అంటే జనం అన్నిటికంటే ఎక్కువగా కాసేది, సుమారుగా మూడింట ఒక రేసు గెలుస్తుంది. గెలిచిన ప్రతిసారీ చార్టు మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలవుతుంది కదా, అలా 58 సార్లు మొదలుపెడితే సగటున ఒకసారి పది మెట్లూ కూలతాయి. రోజుకి ఎనిమిది రేసులు ఆడేవాడికి 58 అనేది ఎంత దూరం?

ఇంకో సంగతి చార్టు వేసినవాడికే తెలిసినట్టు లేదు. ఫేవరెట్‌కి చాలాసార్లు ఒకటికి ఒకటి కూడా రాదు. బుకీ బోర్డు మీద 60/100 అని ఉంటే వందకి అరవై లాభం. మొదటి వంద పోయింది, రెండో రెండొందలు పోయాయి, మూడోసారి 400 కాస్తే గెలిచింది. వచ్చిన లాభం 240, పోయింది 300. గెలిచాక కూడా అరవై బాకీ. గెలిచిన రోజు నష్టపోవడానికి 799 ఎందుకు ఇవ్వాలో నాకు తెలియలేదు.

ఇది అస్సలు వద్దు. ఇంటి మీదకి తెచ్చే రకం ఇదే. పుస్తకంతో మనిషి మెల్లగా పోగొట్టుకుంటాడు, చార్టుతో ఒక్క మధ్యాహ్నంలో.

ఫోను టిప్పులు, నెలకి 5,000

మా వాడి మనసు నిజానికి దీని మీదే ఉంది. డబ్బు అడక్కుండానే మూడు టిప్పులు పంపారట, మూడింట్లో రెండు గెలిచాయట. "వాళ్ళకి లోపలి సమాచారం లేకపోతే ఎలా కుదురుద్ది బావా?"

దీనికి జవాబు గుర్రాల్లో లేదు, ఫోను నంబర్ల జాబితాలో ఉంది. ఒకడి దగ్గర 4,096 నంబర్లున్నాయి అనుకోండి. ఎనిమిది గుర్రాల రేసు. ఒక్కో 512 మందికి ఒక్కో గుర్రం పేరు పంపాడు. ఏది గెలిచినా 512 మందికి టిప్పు నిజమవుతుంది. రెండో రేసుకి, మూడో రేసుకి కూడా అలాగే కలగలిపి పంచాడు. మూడూ సరిపోయినవాళ్ళు ఎనిమిది మంది తేలతారు. మూడింట్లో రెండు సరిపోయినవాళ్ళు 168 మంది. వాడికి గుర్రం అంటే ఏమిటో తెలియక్కర్లేదు. 168 మందిలో ఒకడు గుంటూరు అరండల్‌పేటలో కూచుని, నాకే ఈ అదృష్టం పట్టింది అనుకుంటాడు. మిగతా వేలమంది ఆ నంబర్‌ని బ్లాక్ చేసి మర్చిపోతారు కాబట్టి, వాళ్ళ కథ ఎవరికీ వినపడదు.

ఇదే పని పోస్టుకార్డుల మీద చేసినా, కార్డు యాభై పైసలే కదా, ఒక్కో రేసుకి రెండువేల చిల్లర అయ్యేది. ఇప్పుడు ఆ ఖర్చూ లేదు.

గ్రూపుల్లో వచ్చే టిప్పుల్లో ఇంకో మోసం ఉంది. రేసుకి ముందు రెండు మూడు గుర్రాల పేర్లు పెడతారు, అయ్యాక ఓడినవి తీసేస్తారు, లేదా మెసేజ్ మారుస్తారు. మార్చిన మెసేజ్ పక్కన చిన్న అక్షరాల్లో "ఎడిటెడ్" అని ఉంటుంది, చూడండి. స్క్రీన్‌షాట్లలో అది కత్తిరించి ఉంటుంది.

డబ్బు పోయే దారుల్లో నన్ను నిజంగా భయపెట్టేది దీని రెండో మెట్టు. రెండు వారాలు టిప్పులిచ్చి, "మా బుకీ దగ్గరే కాయండి, లింకు పంపుతున్నాం" అంటారు. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టం కింద గుర్రప్పందేనికి ఉన్న మినహాయింపు చాలా ఇరుకైంది. రేసు జరిగే రోజున, కోర్సు ఆవరణలో, లైసెన్సు ఉన్న బుకీ దగ్గరో టోట్‌లోనో కాసినదానికే. 2020లో ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించారు. ఇక్కడ ఇంట్లో కూచుని ఆ లింకు నొక్కితే డబ్బు పోయాక ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పుకుంటారు? అయినా చెప్పుకోవాలి. డబ్బు లాగేశారని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి చెప్పండి. సిగ్గుపడి రెండు రోజులు ఆగితే ఆ ఖాతాలో ఏమీ మిగలదు.

సంఖ్యాశాస్త్రం, 516

నలుగురిలో నాకు కాస్త ఇష్టమైనవాడు ఈయనే. కాగితం పలచన, ఒకటే రంగు, అచ్చు ఎక్కడో మసకగా పడింది. గుర్రం పేరుకి అంకెలు కట్టి, తారీఖుతో కలిపి చూడమంటాడు. గెలుపు గ్యారంటీ అనలేదు, "దైవానుగ్రహం ఉంటే" అన్నాడు. మిగతా ముగ్గురిలో అంత నిజాయితీ లేదు.

మనవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర కుక్కుట శాస్త్రం పట్టుకుని తిరిగేవాళ్ళని చూడని కోస్తావాడు ఉండడు. ఫలానా వారం, ఫలానా నక్షత్రం, కాకి గెలుస్తుంది, డేగ ఓడుతుంది, నెమలిని దింపొద్దు అని అందులో ఉంటుంది, ఇవన్నీ రంగుని బట్టి కోళ్ళకి పెట్టిన పేర్లు. దాని మీద నాకో పాత సందేహం. బరిలోకి కాకిని దింపినవాడూ, ఎదురుగా డేగని దింపినవాడూ ఒకే పుస్తకం చదివి వచ్చారు. ఇద్దరికీ శాస్త్రం తెలుసు, అయినా ఒకడి కోడి సాయంత్రానికి కూరైపోతుంది. ఇందాక చెప్పిన 300 మంది కథే ఇదీ. అందరి చేతిలో ఉన్న శాస్త్రం ఎవరికి పైచేయి ఇస్తుంది?

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నా, ఏదో ఒకటి కొనే తీరాలంటే ఇదే కొనండి. 516తో పోతుంది. పెద్ద మొత్తాలు కాయమని ఎగదోయదు. నెలనెలా డబ్బు అడగదు. ఒక చిన్న జాగ్రత్త, అంకెల ప్రకారం ఎప్పుడూ ఎవరూ కాయని గుర్రం వస్తే ఆశపడకండి. పెద్ద ధర ఉన్న గుర్రాల మీద జనం వాటి అర్హతకి మించి కాస్తారని 1949లోనే గ్రిఫిత్ అనే అమెరికన్ లెక్క తేల్చాడు. వందకి ఐదువేలు అని బోర్డు మీద కనిపించేది, సగటున ఎక్కువ పోగొట్టించేది.

"డబ్బు వాపసు" అనే మాట

పుస్తకం, టిప్పులు రెండిటి మీదా "గెలవకపోతే డబ్బు వాపసు" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. నేను భూతద్దం పెట్టి కింద చదివాను. ప్రెస్సులో ఉన్నవాడికి ఆరు పాయింట్ల అక్షరం కొత్త కాదు. తొంభై రోజులు, ఒక్క రేసు వదలకుండా, వాళ్ళ నియమం ప్రకారమే ఆడి, ప్రతి టికెట్టూ అసలుదే పంపితే పరిశీలిస్తారట. మలక్‌పేటలో ఓడిన టికెట్టుని ఎవరైనా తొంభై రోజులు దాచుకుంటారా? చించి గాల్లోకి వదిలేస్తారు. వాపసు కావాలంటే మీరు ముందు తొంభై రోజులు ఓడాలి. ఆ డబ్బు ముందు 1,499 ఒక లెక్కా?

కొనే ముందు అమ్మేవాణ్ణి ఒక్కటి అడగండి. పోయిన మూడు నెలల్లో ఇచ్చిన టిప్పులన్నీ, ఓడినవాటితో సహా, రేసుకి ముందు ఏ టైముకి ఇచ్చారో, అప్పుడు ధర ఎంతో రాసి పంపమనండి. మా వాడి చేత ఆ ఆదివారమే ముగ్గురికి ఫోన్ చేయించాను. ఒకడు గ్రూపులో స్క్రీన్‌షాట్లు చూసుకోమన్నాడు. ఇంకొకడు "నమ్మకం లేకపోతే మాకు మీ డబ్బే వద్దు" అని కోపగించాడు. సంఖ్యాశాస్త్రం ఆయన ఫోన్ ఎత్తి, "రేసులకైతే నేను చెప్పను బాబూ, పెళ్ళి ముహూర్తాలకి చూస్తాను, ఆ కాగితం మా అబ్బాయి వేయించాడు" అన్నాడు.

ఖర్చు లేని పరీక్ష

అయినా మా వాడికి ఆశ చావలేదు. వద్దంటే దొంగచాటుగా కొంటాడని తెలుసు. అందుకని బీసెంట్ రోడ్డులో ఒక 200 పేజీల నోటుబుక్కు కొనిచ్చాను.

పద్ధతి ఇది. ఏ కిటుకైనా సరే, రేసుకి ముందు గుర్రం పేరు, టైము, ధర పెన్నుతో రాయాలి, పెన్సిలు వద్దు. ప్రతి పందెం కాగితం మీద వంద, పన్ను నలభై. పక్కనే ఇంకో రెండు గళ్ళు ఉండాలి. ఒక గడిలో ఆ రేసు ఫేవరెట్. రెండో గడిలో ఇంట్లో పిల్లాడి చేత తీయించిన చీటీలో వచ్చిన గుర్రం. మూడు గళ్ళూ నడిపి, 200 రేసులయ్యాక కూడండి. కిటుకు గడి మిగతా రెండింటి కంటే ఎంత మెరుగో కాదు, ఆ నలభై గుమ్మాన్ని దాటిందా లేదా చూడండి.

200 ఎందుకు, 20 చాలదా అంటాడు ప్రతివాడూ. ఎనిమిది గుర్రాల రేసుల్లో ఉత్త చీటీలు తీసేవాళ్ళు కూడా ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు, ఇరవై రేసుల్లో ఐదో ఆరో గెలుస్తారు. ఆ ఒక్కడే మర్నాడు పద్ధతి కనిపెట్టానని పుస్తకం రాస్తాడు.

రేసుల మీద నిజంగా ఇష్టం ఉంటే ఈ 1,499తో ఒక రోజు మలక్‌పేట వెళ్ళి రండి. రైలు చార్జీ, లోపలి టికెట్టు, రేసు బుక్కు, బిర్యానీ పోను మిగిలిన డబ్బుతో, ఇది తిరిగి రాదు అనుకుని కాయండి. రేసుకి ముందు గుర్రాల్ని తిప్పే ప్యాడక్ దగ్గర నిలబడి గుర్రాలు నడవడం చూస్తే ముచ్చటగా ఉంటుంది. ఓడిపోతారు గానీ, ఏం కొన్నారో మీకు తెలుస్తుంది. అప్పు చేసి, కొట్టు డబ్బు తీసి, జీతం రాగానే ఆడేవాళ్ళకి ఈ సలహా కూడా వద్దు. వాళ్ళ విషయంలో ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలి, నాలాంటివాడితో కాదు.

మా బావమరిది ఆ సాయంత్రమే నోటుబుక్కు చంకన పెట్టుకుని గుంటూరు బండెక్కాడు. నాలుగు కాగితాలూ నా దగ్గరే వదిలేశాడు. పుస్తకం బ్రోచర్ ఆర్ట్ పేపరు, వెనక ఖాళీ. ప్రూఫులకి పనికొచ్చింది.

మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. కిటుకు గడి 4,300 మైనస్, ఫేవరెట్ గడి 3,100 మైనస్, వాళ్ళ చిన్నది తీసిన చీటీల గడి 2,900 మైనస్. "కాగితం డబ్బే కాబట్టి సరిపోయింది బావా" అన్నాడు. సంతోషించాను. కాసేపు ఆగి, గొంతు తగ్గించి, "అది కాదు బావా, మన చిన్నది తీసిన చీటీలే బెటర్‌గా ఉన్నయ్ కదా, ఆ పద్ధతి కాస్త రాసిస్తే, 32 పేజీలు, వెయ్యి కాపీలకి ఎంతవుద్ది?" అన్నాడు.

పేపరు రేటు పెరిగిందని, ఈసారి అడ్వాన్సు మొత్తం ముందే ఇవ్వాలని చెప్పాను.